యురేనియం గుంత తవ్వేముందే దాన్ని పూడ్చే లెక్క చెప్పండి: అధికారులకు బహిరంగ లేఖ

కేంద్ర అణుశక్తి విభాగం, అణుశక్తి నియంత్రణ మండలి, కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ అధికారులకు; తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల గనుల శాఖ, భూగర్భ జల శాఖ అధికారులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను నల్గొండ జిల్లా వాసిని. ఉద్యోగ జీవితమంతా బావుల్లో, బోర్లలో నీటి మట్టాలు కొలుస్తూ, నీటి నమూనాలు పరీక్షకు పంపుతూ గడిపి పదవీ విరమణ చేసిన వాణ్ని. ఓపెన్‌కాస్ట్ (నేలను పైనుంచే తవ్వే) యురేనియం గని మూతపడిన తర్వాత ఆ గుంతనూ, దాని చుట్టూ పోసిన రాతి దిబ్బలనూ ఎవరు, ఏ డబ్బుతో, ఎన్నేళ్లపాటు చూసుకుంటారని అడుగుతూ మా ప్రాంత రైతులతో కలిసి అర్జీలు పెట్టుకున్నాను. రసీదులు వచ్చాయి గానీ జవాబు రాలేదు. అందుకే ఆ ప్రశ్ననే నలుగురి ముందు మళ్లీ అడుగుతున్నాను.

దేశానికి అణు విద్యుత్తు కావాలా వద్దా అన్న వాదన ఈ లేఖలో లేదు. ఆ విషయంలో మా ఊళ్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. కానీ గుంత తవ్విన వాడే దాన్ని సరిచేసి పోవాలన్న విషయంలో ఇక్కడ ఎవరికీ రెండో అభిప్రాయం లేదు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో చెబుతాను. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ అణు ఖనిజాలు, కీలక, వ్యూహాత్మక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదంటూ ఆదేశం ఇచ్చింది. అంతకుముందు కనీసం ఒక్క రోజైనా షామియానా కింద మైకు ముందు నిలబడి ఊరి మనిషి అధికారిని నిలదీయగలిగేవాడు. 2003 ఆగస్టులో లంబాపూర్, పెద్దగట్టు గనులపై జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ మా జిల్లాలో చాలామందికి ఇంకా గుర్తుంది. నాగార్జునసాగర్ జలాశయానికి దగ్గరలో, లంబాపూర్‌లో ఓపెన్‌కాస్ట్ గని, పెద్దగట్టులో భూగర్భ గనులు తవ్వాలన్నది అప్పటి ప్రతిపాదన. శుద్ధి కర్మాగారాన్ని మొదట మల్లాపురంలో కడతామన్నారు. హైదరాబాద్‌కు తాగునీరు వెళ్లే అక్కంపల్లి జలాశయం దాని పక్కనే ఉందని జనం గట్టిగా చెప్పాక సేరిపల్లికి మార్చారు. జనం మాట్లాడటం వల్ల కలిగిన మేలు అది. ఆ గని ఇప్పటిదాకా మొదలుకాలేదు, కానీ ఆ ఖనిజం ఇంకా ఆ నేలలోనే ఉంది గనుక ప్రతిపాదన ఎప్పుడైనా తిరిగి లేవవచ్చు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరు 16న ఏకగ్రీవంగా తీర్మానించింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో అన్వేషణ బోర్ల మాట వచ్చినప్పుడు దేవనకొండ మండలం ఊళ్లు రోడ్డెక్కాయి. ఈ ఊళ్లన్నిటి భయం ఒకటే: తవ్వుకున్నాక మా గతి ఏమిటని.

ఈ భయం తెలియనితనం నుంచి పుట్టిందని కొందరు అధికారులు అనుకుంటారు. నల్గొండ జిల్లా వాళ్లకు భూగర్భ జలం చెడితే ఏమవుతుందో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి, పాతికేళ్లకే నడుము వంగిపోయి, మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి పలకరించే మనుషుల మధ్య మేం పెరిగాం. ఆ ఫ్లోరైడ్ రాతిలో సహజంగా ఉన్నదే, ఎవరూ తెచ్చి పోసింది కాదు. అయినా ఆ ఊళ్లకు మంచినీళ్లు తేవడానికి తరాలు పట్టింది. మనిషి చేతులతో తవ్వి, పొడిచేసి, బయట కుప్పపోసే రాతి సంగతి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇతర దేశాల్లో మూతపడిన ఓపెన్‌కాస్ట్ యురేనియం గనుల చరిత్ర చూస్తే మా ప్రశ్న ఎంత న్యాయమైనదో తెలుస్తుంది. వాటిలో అమెరికాలోని జాక్‌పైల్-పగ్వాటే గనిని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే లంబాపూర్ లాంటి చోట రేపు జరగగలిగినదంతా అక్కడ నిన్న జరిగిపోయింది.

న్యూమెక్సికో రాష్ట్రంలో లగూనా ప్యూబ్లో ఆదివాసుల భూమిలో ఆ గని ఉంది. అనకొండా కంపెనీ 1953 నుంచి 1982 దాకా దాన్ని తవ్వింది. ఒక కాలంలో ప్రపంచంలోకెల్లా పెద్ద ఓపెన్‌పిట్ యురేనియం గనిగా దానికి పేరుండేది. మూడు పెద్ద గుంతలు, 2,600 ఎకరాలకు పైగా చెదిరిపోయిన నేల, దాదాపు 40 కోట్ల టన్నుల రాయి తవ్వితే అందులో ముడి ఖనిజం రెండున్నర కోట్ల టన్నుల లోపు. పగ్వాటే ఊరు గని అంచునే ఉంది. పేలుళ్ల ధూళి ఇళ్ల మీద, ఆరుబయట ఎండబెట్టుకున్న తిండి మీద పడేదని ఆ ఊరి పెద్దలు సాక్ష్యాలు చెప్పారు. గనిలో పనిచేసిన వాళ్లలో ఎక్కువమంది అదే తెగవారు. కూలి వచ్చింది, పక్కా ఉద్యోగాలు వచ్చాయి, ఆ సంగతి వాళ్లూ కాదనరు. ధర పడిపోగానే గని మూతపడింది, ఉద్యోగాలు పోయాయి, గుంతలు మిగిలాయి. రెండు చిన్న ఏరులు, రియో పగ్వాటే, రియో మొకినో, ఆ గని భూమి నడుమనే కలిసి దిగువకు పారుతున్నాయి.

కంపెనీ 1986లో దాదాపు 4 కోట్ల 36 లక్షల డాలర్లు ఇచ్చి ఆ భూమి బాధ్యత నుంచి తప్పుకుంది. లగూనా వారు చేతులు కట్టుకుని కూర్చోలేదు. సొంతంగా నిర్మాణ సంస్థ పెట్టుకుని, తమ మనుషులకే పని ఇచ్చి, 1989 నుంచి 1995 దాకా పునరుద్ధరణ చేశారు. భూగర్భ జలం తిరిగి ఎక్కడిదాకా లేస్తుందో లెక్కగట్టి, ఆ మట్టానికి పైదాకా గుంతలు పూడ్చారు. తక్కువ ఖనిజం ఉందని పక్కన పడేసిన రాయిని గుంతల్లోకే తోశారు. దిబ్బల వాలు తగ్గించి, పైన షేల్ అనే పలకరాతి పొర, దాని మీద మట్టి కప్పి గడ్డి నాటారు. ఒక మూతపడిన గనిని ఆ భూమి సొంతదారులే బాగుచేసుకున్న ఉదాహరణగా దాన్ని చాలామంది మెచ్చుకున్నారు. మెచ్చుకోదగ్గ పనే అది.

అయినా సరిపోలేదు. 2007 నాటి పరిశీలనలో పునరుద్ధరణ ఇంకా పూర్తికాలేదని తేలింది. గని భూమి దాటి వచ్చే నీటిలో యురేనియం ఎక్కువగా కనిపించింది, దిగువ జలాశయం అడుగున పేరుకున్న మట్టిలోకీ చేరింది. 2013లో అమెరికా పర్యావరణ సంస్థ ఆ గనిని సూపర్‌ఫండ్ జాతీయ జాబితాలో చేర్చింది. ఆ దేశంలో అత్యంత ప్రమాదకరమైన కలుషిత స్థలాల జాబితా అది. గని మూతపడి 31 ఏళ్లు గడిచాక, ఒకసారి బాగుచేశాక కూడా మళ్లీ మొదటికి వచ్చిందన్న మాట. 1986లో తీసుకున్న డబ్బు ఎంతన్నది అప్పటి లెక్క. నీళ్లు ఆ లెక్కను చదువుకోలేదు.

ఆస్ట్రేలియాలో డార్విన్‌కు దక్షిణాన ఉన్న రమ్ జంగిల్ గనిది మరో కథ. 1954 నుంచి 1971 దాకా అక్కడ ఉత్పత్తి సాగింది. రాతిలోని పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం, గాలీ నీరూ తగలగానే ఆమ్లంగా మారింది. ఆ ఆమ్లం రాగినీ ఇతర లోహాలనూ కరిగించుకుని ఫినిస్ నది తూర్పు పాయలోకి దిగింది. ఆ పాయలో చేపలు బతకలేని స్థితి వచ్చింది. 1982, 1986 మధ్య ప్రభుత్వం డబ్బు పెట్టి దిబ్బల మీద బంకమట్టి కప్పు వేసింది. పడిన వానలో నూటికి అయిదు వంతులకు మించి లోపలికి దిగకూడదన్నది ఆ కప్పు లక్ష్యం. మొదట్లో నెరవేరింది. తర్వాత బంకమట్టి ఎండకు నెర్రెలిచ్చింది, వేర్లు దిగాయి, చెదపురుగులు దారులు చేశాయి, అనుకున్నదానికంటే ఎక్కువ నీళ్లు దిగడం మొదలైంది. ఇప్పుడు రెండోసారి పునరుద్ధరణ చేయవలసి వస్తోంది. నల్లరేగడి వేసవిలో ఎంత వెడల్పు నెర్రెలు ఇస్తుందో, చెదలు ఎంత లోతుకు పోతాయో మన రైతుకు తెలుసు. మట్టి కప్పి మొక్కలు నాటితే పని అయిపోయినట్టేనని రేపు మా ముందు ఎవరైనా చెబితే మేం ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇదే.

క్వీన్స్‌లాండ్‌లోని మేరీ క్యాథ్లీన్ గని పునరుద్ధరణ 1985లో పూర్తయి పురస్కారం కూడా అందుకుంది. తర్వాతి ఏళ్లలో అక్కడి వ్యర్థాల ఆనకట్ట నుంచి లోహాలు కలిసిన ఊటనీరు బయటికి వస్తోందని పరిశోధకులు తేల్చారు.

సరిగా చేయడం సాధ్యమే కాదా అంటే, సాధ్యమే. ఖర్చు పెట్టాలి, ఓపిక ఉండాలి. తూర్పు జర్మనీలో రోనెబుర్గ్ దగ్గరి లిఖ్టెన్‌బెర్గ్ గుంతను 1990 తర్వాత పూర్తిగా పూడ్చారు. చుట్టుపక్కల దిబ్బలన్నీ తవ్వి, పది కోట్ల ఘనపు మీటర్లకు పైగా రాయిని లారీల్లో తిరిగి గుంతలోకి చేర్చారు. ఊరికే తోసెయ్యలేదు. ఏ దిబ్బ రాయి ఎంత ఆమ్లం పుట్టిస్తుందో ముందు పరీక్షించారు. ఎక్కువ ఆమ్లం పుట్టించే రాయిని అట్టడుగున, భూగర్భ జలం తిరిగి లేచి ముంచెత్తే చోట పెట్టారు. నీళ్ల అడుగున గాలి అందదు, గాలి అందకపోతే ఆమ్లం పుట్టదు. సున్నం గుణం ఉన్న రాయిని పైభాగంలో పెట్టారు. నా ఉద్యోగంలో నీటి గుణాన్ని ఇంత బాగా అర్థం చేసుకుని చేసిన పని గురించి చదివింది తక్కువ. 2007లో ఆ ప్రాంతంలో జాతీయ స్థాయి తోటల ప్రదర్శన కూడా జరిపారు. కానీ ఒక్క గుంతకే కాదు, ఆ పాత గనుల సముదాయమంతటి పునరుద్ధరణకు జర్మనీ ప్రభుత్వం 600 కోట్ల యూరోలకు పైగా ఖర్చు పెట్టింది, నీటి శుద్ధి ఇంకా నడుస్తూనే ఉంది. అదంతా ప్రజల డబ్బు.

ఖర్చు అంచనాలు ఎలా పెరుగుతాయో ఆస్ట్రేలియాలోనే కకడూ జాతీయ పార్కు నడుమ ఉన్న రేంజర్ గని చూపిస్తుంది. 2021 జనవరిలో అక్కడ శుద్ధి ఆగిపోయింది. 2026 జనవరి నాటికి భూమిని బాగుచేసి అప్పగించాలన్నది చట్టం పెట్టిన గడువు. వ్యర్థాలన్నిటినీ గుంతల్లోనే పెట్టాలి, అవి కనీసం 10,000 ఏళ్లు బయటి పర్యావరణంలో కలవకుండా ఉండాలన్నది షరతు. షరతు గొప్పది. కానీ దాదాపు 97 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లన్న ఖర్చు అంచనా 2022లో 160 నుంచి 220 కోట్లకు పెరిగింది. గడువులోగా పని అయ్యేలా లేదని ఆ ఏడాదే చట్టాన్ని సవరించి గడువు పొడిగించవలసి వచ్చింది. వెనక పెద్ద కంపెనీ ఉంది, ముందుగా రాసుకున్న షరతులున్నాయి, భూమి సొంతదారులైన మిరార్ ప్రజల నిఘా ఉంది. ఇవన్నీ ఉన్న చోటే పరిస్థితి అది.

మన దేశానికి వస్తే, జార్ఖండ్‌లోని తూర్పు సింహభూమ్ జిల్లా బందుహురాంగ్‌లో దేశపు మొదటి ఓపెన్‌కాస్ట్ యురేనియం గని ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని భూగర్భంలోనిదే అయినా, 2012లో మొదలైన శుద్ధి కర్మాగారం వ్యర్థాలు కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌లో (వ్యర్థాల చెరువులో) బయటే నిలుస్తున్నాయి. మన ముడి రాయిలో యురేనియం చాలా తక్కువ. తుమ్మలపల్లె రాయి టన్నుకు అర కిలో కూడా రాదు. అంటే తవ్వి పొడిచేసిన దాదాపు రాయంతా వ్యర్థంగానే మిగులుతుంది. యురేనియం తీసేశాక రాతిలో ప్రమాదమేమీ ఉండదనుకోవడం తప్పు. ముడి రాయిలోని రేడియో ధార్మికతలో 80 శాతానికి పైగా ఆ వ్యర్థంలోనే ఉండిపోతుంది. ఎందుకంటే థోరియం-230, రేడియం-226 అందులోనే మిగిలిపోతాయి. రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు, థోరియం సగానికి తగ్గడానికి దాదాపు 75,000 ఏళ్లు పడతాయి. కాకతీయులు మన చెరువులు తవ్వించి ఎనిమిది వందల ఏళ్లు దాటింది. ఆ చెరువుల కట్టల్లో ఎన్ని తెగాయో, ఎన్ని నిలిచాయో చూస్తే ఇంజినీరు కట్టిన కట్ట ఎన్నాళ్లు నిలబడుతుందో అంచనా వేయవచ్చు.

ఇక సామాన్యుడి మీద పడేదేమిటో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. నీళ్లు. తవ్వుతున్నంత కాలం గుంతలోకి ఊరే నీటిని మోటార్లతో తోడి పారబోస్తారు. చుట్టూ రైతుల బోర్లు దిగిపోతాయి, అప్పుడే గొడవ మొదలవుతుంది. కానీ అసలు ప్రమాదం మోటార్లు ఆపేశాక వస్తుంది. అన్నేళ్లు గాలి తగిలి పుల్లబారిన రాతిలోకి నీళ్లు తిరిగి లేస్తాయి, ఆ రాతి గుణాలన్నీ కరిగించుకుంటాయి, నెమ్మదిగా దిగువకు కదులుతాయి. మన గ్రానైటు నేలల్లో ఆ కదలిక పగుళ్ల వెంట సాగుతుంది గనుక, పక్క బోరు బాగుండి అవతలి బోరు చెడిపోవచ్చు. కంపెనీ నాలుగు పరిశీలన బోర్లు వేసి అంతా బాగుందంటే అది రుజువు కాదు. అదీగాక గని వాళ్లు వెళ్లిపోయిన పదిహేను, ఇరవై ఏళ్లకు నీళ్లు మారితే రైతు ఎవరి గడప ఎక్కాలి?

2. తాగునీటి ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదంటుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి 60 దాకా ఒప్పుకుంది. రోజూ ఆ నీళ్లే తాగే కుటుంబానికి ఏ అంకె వర్తిస్తుందో స్పష్టంగా చెప్పాలి. మూత్రపిండాల జబ్బు విషయంలో యురేనియం రేడియేషన్ కంటే దాని విష గుణమే ముందు దెబ్బతీస్తుందన్నది వైద్యులు చెప్పే మాట.

3. మేత. గనులు తవ్విన నేలలో తిరిగి గడ్డి, పశుగ్రాసం పెరిగేలా చేయాలన్న షరతు లీజుల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఆదేశించింది. ఇనుము, సున్నపురాయి గనుల విషయంలో అది ఎంతో మంచి ఆదేశం. యురేనియం దిబ్బ మీద పెరిగిన గడ్డిని మేకలు, గొర్రెలు మేస్తే ఆ మేతలోకి రేడియం ఎంత చేరుతుందో పరీక్షించకుండా అదే షరతును అమలు చేస్తే, పచ్చగా కనబడే ఆ నేలే ప్రమాదమవుతుంది. లంబాడా తండాల్లో, చెంచు గూడేల్లో మేకలే ఆస్తి. కంచె వేసి బోర్డు పెట్టినంత మాత్రాన కరువు ఏడాదిలో మేకల కాపరి ఆగడు. ఆగాలని అడగడం కూడా న్యాయం కాదు.

4. కూలీలు. తాత్కాలిక పనికి వచ్చిన కాంట్రాక్టు మనిషి ఏ కాంట్రాక్టరు కింద ఎన్నాళ్లు పనిచేశాడో, ఒంటి మీద ఎంత రేడియేషన్ మోతాదు పడిందో రాసిన కాగితం అతని చేతిలో ఉండదు. ఇరవై ఏళ్ల తర్వాత జబ్బు చేస్తే అతను అక్కడ పనిచేశాడన్న సాక్ష్యమే దొరకదు. అమెరికాలో యురేనియం గని కార్మికులకు పరిహారం ఇచ్చేందుకు 1990లో చట్టమే చేశారు. మన దగ్గర ముందు పేర్ల జాబితా అయినా కావాలి.

5. భూమి. ఇది చాలామంది అధికారులకు తట్టని విషయం. గని భూమి, దాని అంచు భూమి ఒక తరం గడిచాక చేతులు మారుతుంది, ప్లాట్లవుతుంది, ఇళ్లు లేస్తాయి. దిబ్బ రాయిని రోడ్డు పనికీ, పునాదులకూ తీసుకుపోతారు. సింగరేణి ఓపెన్‌కాస్టుల దగ్గర ఓబీ దిబ్బల (బొగ్గు కోసం పైనుంచి తీసి పోసిన) మట్టి ఎక్కడెక్కడికి పోతుందో రామగుండం, మణుగూరు వైపు ఎవరిని అడిగినా చెబుతారు. బొగ్గు దిబ్బ మట్టి ఇంటి పునాదిలో పడితే పెద్ద ప్రమాదం లేకపోవచ్చు, యురేనియం గని రాయి పడితే ఆ గదుల్లో రేడాన్ అనే రేడియో ధార్మిక వాయువు పేరుకుంటుంది.

మా డిమాండ్లు ఇవి.

1. ఏ కొత్త యురేనియం గనికైనా లీజు ఇచ్చేముందే పూర్తి మూసివేత ప్రణాళికను తెలుగులో అచ్చువేసి, ప్రభావిత గ్రామాలన్నిటి గ్రామసభల ముందు పెట్టాలి. ఏ దిబ్బ రాయి గుంతలో ఏ లోతున పెడతారు, భూగర్భ జలం తిరిగి ఎక్కడిదాకా లేస్తుంది, ఏ వాగులోకి ఊట దిగే అవకాశం ఉంది అన్నవి పటాలతో సహా అందులో ఉండాలి. దేశ రక్షణ పేరు చెప్పి ఈ సమాచారాన్ని దాచడానికి వీల్లేదు. గుంతను ఎలా పూడుస్తారన్నది ఏ శత్రువుకూ పనికివచ్చే రహస్యం కాదు.

2. మూసివేతకు కావలసిన డబ్బు మొత్తం, తవ్వకం మొదలయ్యే రోజుకు విడి ఖాతాలో ఉండాలి. కంపెనీ లెక్కల పుస్తకంలో ఒక వరుసగా రాసుకుంటే చాలదు, ప్రభుత్వ కంపెనీ అయినా సరే. సాధారణ గనులకు హెక్టారుకు కొన్ని లక్షల లెక్కన తీసుకునే హామీ యురేనియం గుంతకు ఏ మూలకూ చాలదు. ఆ గుంతకు, ఆ రాయికి, ఆ నీటికి తగ్గట్టు గనితో సంబంధం లేని నిపుణులు లెక్కగట్టాలి, మూడేళ్లకోసారి తిరగవేయాలి. జాక్‌పైల్ లాగా ఒకసారి డబ్బిచ్చి బాధ్యత వదిలించుకునే ఒప్పందాన్ని చట్టమే ఒప్పుకోకూడదు.

3. తవ్వకానికి ముందు కనీసం రెండు వానాకాలాలు, రెండు ఎండాకాలాలు చుట్టుపక్కల బావులు, బోర్లు, చెరువులు, వాగుల నీటిని పరీక్షించి ఫలితాలు ప్రకటించాలి. యురేనియం, రేడియం, సల్ఫేటు, సోడియం, ఫ్లోరైడ్, అన్నీ ఉండాలి. నమూనా తీసేటప్పుడు ఆ బోరు రైతు అక్కడే ఉండాలి. ఒకే నీటిని మూడు సీసాల్లో పట్టి, ఒకటి కంపెనీకి, ఒకటి ప్రభుత్వ ప్రయోగశాలకు, ఒకటి గ్రామసభ ఎంచుకున్న విశ్వవిద్యాలయానికి ఇవ్వాలి. తవ్వకం ముందు నీళ్లెలా ఉన్నాయో నమోదు కాకపోతే, తర్వాత నీళ్లు చెడ్డాయని రైతు మొత్తుకున్నా ‘ఇది సహజంగా ఉన్నదే’ అన్న జవాబే వస్తుంది. తుమ్మలపల్లె ఉన్న వేముల మండలం రైతులు తమ బోరు నీళ్ల గురించి ఏళ్ల తరబడి చెబుతున్న గోడు తేలకుండా ఉండిపోవడానికి ఒక కారణం ఇదే.

4. అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణను తీసివేసిన 2025 సెప్టెంబరు ఆదేశాన్ని ఉపసంహరించుకోవాలి.

5. బందుహురాంగ్ గుంత మూసివేత ప్రణాళికను, తుమ్మలపల్లె టెయిలింగ్ పాండ్ మూసివేత ప్రణాళికను ఇప్పుడే ప్రజల ముందు పెట్టాలి. ఉన్నవాటి విషయంలో ఏం చేస్తారో చూపకుండా కొత్తవాటి విషయంలో మాట ఇస్తే ఎవరు నమ్ముతారు?

6. గని భూమి, అంచు భూముల సర్వే నంబర్లన్నిటికీ రెవెన్యూ రికార్డుల్లోనే, పహాణీలో, అడంగల్‌లో, పట్టాదారు పాసుపుస్తకంలో, యురేనియం గని భూమి అన్న శాశ్వత నమోదు ఉండాలి. అమ్మేవాడు దాచినా కాగితం చెప్పాలి. యాభై ఏళ్ల తర్వాత ఇల్లు కట్టుకునే వాడికి ఇంతకంటే పనికివచ్చే హెచ్చరిక లేదు. దీనికి కోట్లు అక్కర్లేదు, తహసీల్దారు కార్యాలయంలో ఒక ఉత్తర్వు చాలు.

7. తవ్వకంలోనూ పూడ్చివేతలోనూ పనిచేసే ప్రతి మనిషికీ, కాంట్రాక్టు కూలీతో సహా, మోతాదు కొలిచే బ్యాడ్జీ ఇవ్వాలి. ఆ లెక్క కాపీ ప్రతి ఏడూ అతని చేతికి ఇవ్వాలి. పూడ్చివేత పనుల్లో భూములు పోయిన కుటుంబాలకు మొదటి అవకాశం ఇవ్వాలి. తమ నేల బాగుచేసే పని తమ చేతుల్లో ఉంటే దొంగపని జరగదని లగూనా వారు చూపించారు.

8. నీటి పర్యవేక్షణ గని మూసివేతతో ఆగకూడదు. వరుసగా ముప్పై ఏళ్లు నీళ్లు తవ్వకం ముందరి స్థితిలోనే ఉన్నాయని తేలేదాకా హామీ డబ్బు వెనక్కి ఇవ్వకూడదు. ఆ పరీక్షల ఖర్చూ ఆ ఖాతా నుంచే పోవాలి.

9. నాగార్జునసాగర్ జలాశయంలోకి నీరు దిగే నేలలో ఓపెన్‌కాస్ట్ యురేనియం గనికి పై షరతులన్నీ నెరవేర్చడం సాధ్యం కాదని మీ నిపుణులకే అనిపిస్తే, లంబాపూర్ ప్రతిపాదనను శాశ్వతంగా రద్దు చేసినట్టు రాతపూర్వకంగా ప్రకటించాలి. కృష్ణా నీళ్ల మీద ఆధారపడిన కోట్ల మంది కోసం అడుగుతున్న మాట ఇది.

వీటిలో ఏ ఒక్కటీ కొత్తగా మేం కనిపెట్టింది కాదు. కొన్ని ఇతర దేశాలు చాలా ఆలస్యంగా, చాలా నష్టపోయాక నేర్చుకున్నవి, కొన్ని మన చట్టాల్లో ఇప్పటికే అరకొరగా ఉన్నవి. ఏ డిమాండ్ అయినా అమలు చేయలేమని మీరు భావిస్తే, ఎందుకు చేయలేరో కారణం చెప్పండి. కారణం వింటాం, దాని మీద మాట్లాడతాం. మౌనంతో మాట్లాడటం మాత్రం మాకు చేతకాదు.

పై తొమ్మిది అంశాలకూ వేర్వేరుగా, తెలుగులో, సంతకంతో జవాబు ఇచ్చి, దాని ప్రతులను లంబాపూర్, పెద్దగట్టు, కప్పట్రాళ్ల, తుమ్మలపల్లె పంచాయతీ కార్యాలయాల్లో నోటీసు బోర్డులకు పెట్టించవలసిందిగా కోరుతున్నాను. ఈ లేఖ ప్రతులను రెండు రాష్ట్రాల శాసనసభ స్పీకర్లకు, మా నియోజకవర్గ శాసనసభ్యులకు కూడా పంపుతున్నాను.

భవదీయుడు,
భూగర్భ జలాల రంగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగి,
నల్గొండ జిల్లా